వానకు మొలిచిన కాయలు

కదిరి నుంచి అనంతపురం పోయే బస్సులో ఒకామె నా పక్కన కూర్చుంది. ఒళ్లో తడిగుడ్డ మూట. కిటికీలోంచి ఎండ పడినప్పుడల్లా దాన్ని కొంగుతో కప్పుతోంది. ఒకసారి గుడ్డ తొలగితే చూశాను. మొలకెత్తిన వేరుశనగ గింజలు!

నాకు ఒళ్లు మండింది. ఆ ఏడు పీకి కుప్ప వేసిన నా పంటంతా వానకు తడిసి అలాగే మొలిచిపోయింది.

"మొల్సిన చెనక్కాయలు ఎవురికి కావాలమ్మా? మేము పెంటదిబ్బలో పోసినాం," అన్నాను.

"మా ల్యాబుకు కావాలన్నా. మొలక లేసేటప్పుడే గింజలో నూనెను అరిగించే ఎంజైమ్ పుడతాది. ఆకు ఎండను చూసేదాకా ఆ నూనే దానికి కూడు," అంది.

సంచిలోంచి ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. లోపల నీళ్లలో సగ్గుబియ్యంలాంటి తెల్లని పూసలు.

"ఆ ఎంజైమ్‌ను గింజలోంచి తీసి ఈ పూసల్లో బంధించినాం. నూనెలో వేస్తే అరిగిస్తాది. వడగట్టి ఇంకో నూనెలో వేస్తే మళ్లా అరిగిస్తాది."

"మరి గింజ యాడుందమ్మా?"

"గింజ లేదన్నా. దాని ఆకలి ఒకటే ఉండాది."

బస్సు గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆ సీసాను రెండు చేతులా పట్టుకున్నాను. దిగేటప్పుడు ఆమె అడిగితేగాని తిరిగివ్వాలని తోచలేదు.

మొన్న కూడా కుప్ప మీద వాన పడింది. మొలిచిన కాయలను దిబ్బలో పోయడానికి నా భార్య గంప ఎత్తింది. నేను అందులోంచి ఒక గింజ తీసి చూస్తూ నిలబడ్డాను.

"ఏముండాది దాంట్లో, అంతసేపు చూస్తాండావు?" అంది.

"ఉండు," అన్నాను. "అది తింటాంది."