ముల్లు అబద్ధమాడిందన్నారు

త్రినిదాద్ ఊళ్ళో మా వీధి వాలు దిగే చోట నెరెయిదా కియాలా ఇల్లు. ముందు గదే ఆమె పనిచోటు. పాత అమెరికన్ కార్ల డాష్‌బోర్డు మీటర్లు బాగుచేస్తుంది. భర్త పోయాక పాతికేళ్ళుగా ఆ పనితోనే కొడుకును పెంచి పెద్దచేసింది.

పెట్రోలు ట్యాంకులో ఒక బెండు తేలుతుంటుంది. అది ఎంత లేస్తే, దానికి కలిపిన తీగచుట్టలో కరెంటుకి అంత అడ్డు. ఆ అడ్డును బట్టి డాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. బెండునీ తీగచుట్టనీ కలిపి సెండర్ అంటారు. యాభై రెండు నాటి షెవర్లే మీటరుకి ఆ అడ్డు ముప్ఫై ఓములు దాటని సెండరే కావాలి. తర్వాతి కాలం వాటివి తొంభై. రెండూ చూడటానికి కవలల్లా ఉంటాయి.

"కంటితో చూసి బిగించేవాడు కారు కాదు, బొమ్మ తయారుచేస్తున్నట్టు. ముందు కొలువు, తర్వాత బిగించు" అని నెరెయిదా అందరికీ చెప్పేది. అందరికంటే ఎక్కువగా లియోవికి చెప్పింది.

లియోవి మెకానిక్. నెరెయిదా కొడుక్కి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రి. అందుకే ఆ వరసతో అతను ఆమెను కొమాద్రె అనీ, ఆమె అతన్ని కొంపాద్రె అనీ పిలిచేవాళ్ళు. ఇంజను పని అతనిది, మీటర్ల పని ఆమెది. ఆదివారాలు అతని భార్య వండిన నల్లచిక్కుళ్ళు నెరెయిదా ఇంటికి రాకుండా ఉండేవి కావు.

టాక్సీ నడిపే రుబియేల్ షెవర్లేకి నెరెయిదా మూడు నెలలు వెతికి సరైన సెండర్ సంపాదించింది. తను బిగించినదానికి గుర్తుగా గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టడం ఆమెకి అలవాటు. దీనికీ పెట్టింది. "ఇక ముల్లు సగం చూపిస్తే ట్యాంకులో సగం ఉన్నట్టే. కళ్ళు మూసుకుని శాంతాక్లారా వెళ్ళిరా" అంది.

ఏడాది పాటు ఆ మాటకి తిరుగులేదు.

మార్చిలో రుబియేల్ తల్లి క్లోతిల్దెకి శాంతాక్లారా ఆసుపత్రి నుంచి కంటి ఆపరేషన్ పిలుపొచ్చింది. పదకొండు నెలల ఎదురుచూపు. తెల్లారగానే కొడుకు ఆమెను కారులో కూర్చోబెట్టాడు. ముల్లు సగం మీద ఉంది. కొండదారిలో శాంతాక్లారా చేరడానికి అది చాలు. హిబకోవా ఊరు దాటాక ముల్లు జోరుగా పడిపోతూ వచ్చింది, కాసేపటికి బండి ఆగిపోయింది. దగ్గర్లో పెట్రోలు దొరికే చోటు లేదు. ఒక పాల లారీ ఎక్కించుకునేసరికి పొద్దెక్కింది. ఆసుపత్రిలో క్లోతిల్దె పేరు పిలిచారు, పలికేవాళ్ళు లేరు, తర్వాతి పేరు పిలిచారు. మళ్ళీ వంతు ఆగస్టులో.

మర్నాడు రుబియేల్ వీధిలో నిలబడి అరిచాడు. "అక్కా! నీ ముల్లు సగం అంది! సగం! మా అమ్మ బండలమీద కూర్చుని ఏడ్చింది తెలుసా?"

ఇళ్ళలోంచి జనం వచ్చారు. నేనూ వచ్చాను. నెరెయిదా చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. అప్పుడు లియోవి అక్కడే ఉన్నాడు. అతను రుబియేల్ భుజం మీద చెయ్యేసి, "పోనీలేరా. కొమాద్రెకి కూడా వయసు మీదపడుతోంది. చూపు మునుపటిలా లేదు. ఏదో పొరపాటు జరిగుంటుంది" అన్నాడు.

నెరెయిదా లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట లియోవి అన్నాడు కాబట్టి నిజమేమో అనుకుంది. నాలుగు రోజులు కొత్త పని ముట్టుకోలేదు. పాత మీటర్లు తీసి మళ్ళీ మళ్ళీ కొలిచింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరలేదు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ కొలిచింది.

ఐదోరోజు రుబియేల్ ఇంటికి వెళ్ళి, "తిట్టింది చాల్లే, ట్యాంకు విప్పనివ్వు" అంది.

సెండర్ బయటికొచ్చింది. కొత్తది, తళతళలాడుతోంది. ఎర్రచుక్క లేదు. బెండు చివరిదాకా ఎత్తి కొలిస్తే తొంభై. అంటే ట్యాంకులో మూడోవంతు ఉన్నా ముల్లు నిండుగా చూపిస్తుంది. సగం చూపించేసరికి మిగిలేది ఆరోవంతే.

"ఈ మధ్య ట్యాంకు ఎవరు విప్పారు?"

రుబియేల్ ఆ సెండర్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "కారుతుంటే ఫిబ్రవరిలో లియోవి అతుకు వేశాడు. బండి ఎనిమిది రోజులు అతని షెడ్డులోనే ఉంది."

నెరెయిదా ఒక్కతే లియోవి షెడ్డుకి వెళ్ళింది. అతను పెళ్ళిళ్ళకి తిప్పుదామని సిద్ధంచేస్తున్న టాపు లేని షెవర్లే అక్కడుంది. డిక్కీలో పరుపు ఎత్తింది. ట్యాంకు పైన బిగించిన సెండర్ మీద తన ఎర్రచుక్క.

"కొమాద్రె, విను" అన్నాడు లియోవి వెనకనుంచి. "మయామీ నుంచి మా తమ్ముడు తెచ్చిన సెండర్ దీనికి సరిపడలేదు. నీదైతే సరిగ్గా సరిపోయింది. ఒట్టి ముల్లే కదా అనుకున్నాను. ఇంత అవుతుందని కలలో కూడా..."

"అది సరిపడదని నీకు ఎలా తెలిసింది?"

అతను వంగి పరుపు తిరిగి కప్పబోయాడు.

"కొలిచావు. నేను నేర్పినట్టే కొలిచావు. సరిపడదని తెలిసే ఆ పిల్లాడి బండిలో పెట్టావు."

"తిరిగి ఇచ్చేస్తాను. రుబియేల్‌తో నేనే మాట్లాడతాను, సరేనా?"

"సెండర్ సంగతి వదిలెయ్. అంతమందిలో నా కళ్ళు పోయాయన్నావే. నాలుగు రోజులు నా చేతుల్ని నేనే నమ్మలేదు లియోవి. నువ్వు రోజూ వచ్చి నా కాఫీ తాగావు."

ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. వీధిలో నిలబడి అన్న మాట వీధిలోనే వెనక్కి తీసుకోమని చెప్పి వచ్చేసింది.

లియోవి తీసుకోలేదు. రుబియేల్‌ని పక్కకి పిలిచి, సామాన్లు కలిసిపోయాయని చెప్పాడు. రుబియేల్ సగమే నమ్మాడు. లియోవి తిరిగిచ్చిన పాత సెండర్ మళ్ళీ బిగించుకోవడానికి నెరెయిదా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె ముఖం చూడలేక నేల చూపులు చూశాడు. "క్షమించక్కా" అన్నాడు గుమ్మం దాటాక. అది నేను విన్నాను. మిగతా వీధి వినలేదు. డామినో ఆటలో ఇప్పటికీ ఎవరైనా లెక్క తప్పితే, "నెరెయిదా కళ్ళజోడు తెచ్చుకున్నావా?" అని నవ్వుతారు.

ఆగస్టులో క్లోతిల్దె ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన వారానికి జామపండు మిఠాయి పట్టుకుని నెరెయిదా ఇంటికి వచ్చి గంటసేపు కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

ఆదివారం చిక్కుళ్ళు రావడం ఆగిపోయింది. డిసెంబరులో లియోవి స్వయంగా వచ్చాడు. మయామీ సెండర్‌ని తిరిగి టాపు లేని బండికే బిగించుకున్నాడట, ముల్లు పిచ్చిగా ఆడుతోందట. తీగకి ఇంకేదైనా కలిపి సరిచేసే దారుందా అని అడిగాడు. గుమ్మం బయటే నిలబడి అడిగాడు.

ఆ దారి నెరెయిదాకి బాగా తెలుసు. చేతిలో పని ఆపకుండా, తలెత్తకుండా అంది:

"నాకు తెలీదు."

అంతవరకు పాతికేళ్ళలో ఆమె నోట ఆ మాట నేను వినలేదు. లియోవి టోపీ సర్దుకుని వాలు దిగి వెళ్ళిపోయాడు.