జంట చుక్కకు అడ్డుపుల్ల మావయ్య

మా ఆఫీసులో ఆయనది వద్దనే ఉద్యోగం. భూమి చుట్టూ తిరిగే మా టెలిస్కోపుకు రెండు కళ్లు. ఒకటి ఎక్స్‌రేలను చూస్తుంది, రెండోది అతినీలలోహిత కాంతిని. ఈ రెండోది మహా సుకుమారం. వెలుగు మరీ ఎక్కువైతే శాశ్వతంగా పోతుంది. అందుకని ఎవరు ఏ చుక్కను చూడాలన్నా ముందు ఆయన సరే అనాలి. ఆయన ఓ పట్టాన అనరు. అడ్డుపుల్ల అనే పేరు ఊరికే రాలేదు.

ఇంట్లోనూ అంతే. భార్య కిటికీ తెరుద్దామంటే దుమ్మంటారు, మూద్దామంటే ఉక్కంటారు. ఆవిడ పెళ్లైన కొత్తలోనే కిటుకు కనిపెట్టింది. సినిమా చూడాలనిపిస్తే పొద్దున్నే "ఇవాళ ఎక్కడికీ వద్దండీ, బద్ధకంగా ఉంది" అంటుంది. సాయంత్రానికి టికెట్లు ఆయనే తెస్తారు.

ఆయన మేనకోడలు మా దగ్గరే పరిశోధకురాలు. చదువుకునే రోజుల నుంచీ ఒకే జంట చుక్క మీద కన్నేసి ఉంచింది. ఉబ్బిపోయిన ఎర్ర చుక్క ఒకటి, పక్కనే చిన్న తెల్ల చుక్క. పెద్దది వదిలే గ్యాసును చిన్నది లాక్కుంటూ ఉంటుంది. సహజీవన తారలని గౌరవంగా పేరు పెట్టారు గానీ, నన్నడిగితే ఇది పక్కింటి కుళాయికి గొట్టం తగిలించుకోవడమే. లాక్కున్నది ఎక్కువైతే చిన్నది భగ్గుమంటుంది. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు.

మొన్న సోమవారం భగ్గుమంది. ఆ పిల్ల పరుగున వచ్చి, రెండు కళ్లతోనూ చూడాలని ప్రపోజల్ ఇచ్చింది. ఆయన చదివి "కుదరదు" అన్నారు.

"ఇది చల్లారిపోతే మళ్లీ ఎప్పుడో మావయ్యా. నా సర్వీసులో రాకపోవచ్చు."

"కుదరదంటే కుదరదు. ఎందుకో నువ్వే చూసుకో."

ఏడుపు ఆపుకుంటూ వెళ్లిపోయింది. పక్క టేబులు నాదే కాబట్టి నాకూ ఒళ్లు మండింది. ఎంత మేనమామైతే మాత్రం ఇంత మొండితనమా?

భోజనాల వేళకు కొత్త ప్రపోజల్‌తో వచ్చింది. "నువ్వన్నదే నిజం మావయ్యా. ఎక్స్‌రే ఒక్కటి చాలు. రెండో కన్ను మూసే ఉంచుదాం."

"మూసా?" ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "చుక్క భగ్గుమంటుంటే కన్ను మూసుకుంటావా? ఎవరు నేర్పారు నీకు?"

ఇక చూడాలి ఆ హడావిడి. నేల మీది టెలిస్కోపుల వాళ్లకు వరసగా ఫోన్లు చేసి, చుక్క వెలుగు ఇప్పుడెంతో కనుక్కున్నారు. ఒక్కో ఫిల్టరుకూ లెక్క కట్టారు. క్యారియరు మూత కూడా తీయలేదు. "దట్టమైన ఫిల్టరు వేస్తే ప్రమాదం లేదు. రెండూ తెరవాల్సిందే" అని నా మీద పడ్డారు. టెలిస్కోపును తిప్పే పని నాది కాబట్టి, నవ్వు ఆపుకుంటూ తిప్పాను.

ఎక్స్‌రేలు దాదాపు మాయమైపోయాయి. అతినీలలోహితం మాత్రం దంచేస్తోంది. ఒక కంటితోనే చూసి ఉంటే చుక్క నీరసపడిందని రాసేవాళ్లం. నిజానికి చిన్న చుక్క చుట్టూ గ్యాసు దట్టంగా మూగి ఎక్స్‌రేలను కప్పేసింది.

ఆ పిల్ల నా దగ్గరకొచ్చి గొప్పలు మొదలెట్టింది. "చూశారా, అత్తయ్య కిటుకు ఎలా పారిందో."

"పారిందా?" వెనకనుంచి ఆయన. "నీ మొదటి ప్రపోజల్లో చుక్క వెలుగు ఎంతని రాశావు?"

తెరిచి చూసుకుంది. పొద్దున కంగారులో పాత పట్టికలోంచి చుక్క నిద్రలో ఉన్నప్పటి కొలత ఎక్కించేసింది.

"ఆ కొలత నమ్ముకుని పల్చటి ఫిల్టరు అడిగావు. నేను సరే అనుంటే ఆ కన్ను ఇవాళ్టితో సరి. తప్పు వెతుక్కుని వస్తావనుకున్నా. నువ్వేమో నాటకంతో వచ్చావు."

"నాటకమని తెలిసి కూడా నాతో ఎందుకాడావు మావయ్యా?"

"నువ్వు తప్పు తెలుసుకునేదాకా చుక్క ఆగదు కదమ్మా."

నాకు సిగ్గేసింది. ఆ పిల్ల ప్రపోజల్లో ఆ పాత కొలతను కొట్టేసింది. తర్వాత మెల్లిగా, "రేపు కూడా చూడాలి. రెండు కళ్లతోనూ" అంది.

"ఇప్పటి వెలుగెంతో ఈసారి నువ్వే కనుక్కుని రా" అన్నారు క్యారియరు విప్పుతూ. "నేను తినేలోపు."