బావ గీకిన రాయి

మా బావ పళ్ళ డాక్టరు. రోజంతా జనం ఆయన ముందు నోళ్ళు తెరుచుకుని పడుకుంటారు కాబట్టి, ఎదురు మాట్లాడేవాళ్ళు కూడా లోకంలో ఉంటారని ఆయనకు తెలియదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపిస్తే తోక అంటాడు.

హాల్లో ఉన్న ఉప్పునీటి అక్వేరియం పేరుకు బావది, చాకిరీ మా అక్కది. అందులో వేలెడంత సముద్రపు గుర్రం ఉండేది. దానికి కడుపే ఉండదట, పూటపూటకూ కొంచెం కొంచెం పెట్టాలి. అక్క సన్నటి గొట్టంతో చిట్టి రొయ్యల్ని దాని మూతికి అందించేది. చెయ్యి నీళ్ళలో పెడితే చాలు, వచ్చి తోకతో చిటికెన వేలు చుట్టుకునేది. ఆ ఇంట్లో అక్క కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే.

ఒకసారి బావ కొత్త రాయి తెచ్చి తొట్టెలో పెట్టాడు. దాని బెజ్జంలోంచి పువ్వులాంటి జీవి ఒకటి తల బయటపెట్టింది. సన్నటి కాడ, చుట్టూ సూదిమొనల్లాంటి మీసాలు.

"ఎనిమోన్ పిల్ల. సముద్రపు పువ్వంటారు. చాలా అరుదైన రకం," అని తేల్చేశాడు బావ. సరిగ్గా చూసింది కూడా లేదు.

అక్క భూతద్దం పట్టుకుని కూర్చుంది. పుల్లతో తాకితే అది చటుక్కున బెజ్జంలోకి దూరింది. గోధుమరంగు ఒళ్ళు, అవతలి రాయి కనబడేంత పల్చన.

"ఏమండీ, ఇది గాజు ఎనిమోన్. రాళ్ళను పట్టుకుని వచ్చేస్తుందట. కుడుతుంది కూడా. ఆ రాయి తీసేద్దాం."

"డాక్టరు చదివింది నేనా, నువ్వా?"

పళ్ళ చదువులో ఎనిమోన్ల పాఠం ఎక్కడుంటుందో నాకైతే తెలియదు.

కొన్నాళ్ళకు దాని పక్కన మరికొన్ని లేచాయి. అప్పుడు బావకు పౌరుషం పుట్టుకొచ్చింది. క్లినిక్ నుంచి పళ్ళ గార తీసే కొక్కేలు పట్టుకొచ్చాడు.

"గీకకండి. ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది," అంది అక్క.

"మా పేషెంట్లు కూడా ఇలాగే భయపడతారు," అని నవ్వి, రాయిని తొట్టెలోనే ఉంచి పన్ను తోమినట్టు గీకాడు. కొరివితో తల గోక్కోవడమంటే అదే. పనయ్యాక రాయిని పుక్కిలించమనలేదు, అదొక్కటే తక్కువ.

ముక్కలన్నీ నీళ్ళలో తేలి దొరికిన చోటల్లా అతుక్కున్నాయి. ఏకు మేకై కూర్చుంది. పాపం, సముద్రపు గుర్రానికి తోక చుట్టుకునే చోటు లేకుండా పోయింది, ఎక్కడ పట్టుకున్నా కుట్టడమే. నేను తెచ్చిచ్చిన చిన్న తొట్టెలోకి అక్క దాన్ని మార్చేసరికే తోక తెల్లగా పాలిపోయింది. మేత మానేసింది. ఒక ఉదయం వేలు పెట్టినా చుట్టుకోలేదు.

అక్క ఏడుస్తూంటే, "దానికి వయసైపోయిందిలే," అన్నాడు బావ. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారంలోనే బావ స్నేహితుడు భార్యతో వచ్చాడు. తొట్టె నిండా ఊగుతున్న గోధుమరంగు గుత్తుల్ని చూసి ఆవిడ మురిసిపోయింది.

"అరుదైన రకం," అన్నాడు బావ, సిగ్గన్నది లేకుండా.

"ఎంత బాగా పెంచారండీ," అందావిడ అక్కతో.

"నేను పెంచింది మొన్న చచ్చిపోయిందండీ," అంది అక్క. "ఇవి ఆయన పెంచినవి."

బావ నోరు తెరిచాడు, అచ్చం ఆయన పేషెంట్లలాగే.