రత్నం దీదీ వెతికి పట్టిన రెండో ఉల్లి

నిన్న పొద్దున చాతం రేవులో ఫెర్రీ దిగుతుంటే ఫోన్ వచ్చింది.

రత్నం దీదీ లేరట. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ముందు రోజు ల్యాబ్ నుంచి వెళ్తూ, "రేపు ఎండ కాస్తే ఇంటికి రా, ఉల్లి తవ్వాలి" అన్నారు నాతో.

ఎండ కాసింది.

నాకు మాట్లాడడం కంటే రాయడం కొంచెం సులువు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డాక్టర్ నూకరత్నం. మన జంగ్లీఘాట్ అమ్మాయి. తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వలలు పట్టుకుని ఓడెక్కి ఈ దీవులకి వచ్చారు. నాన్నగారు బోటు నడిపారు. దీదీ డీఎన్‌ఏ చదివారు. నేను ఆమె దగ్గర ల్యాబ్ అసిస్టెంట్‌ని.

ఓడ లేటైతే ఇక్కడ బజార్లో ఉల్లి ఉండదని మనందరికీ తెలుసు. అందుకే మన ఇళ్ళలో పగిలిన థర్మోకోల్ చేపల పెట్టెల్లో మట్టి పోసి, గుత్తులుగా కాసే చిన్న ఉల్లి పెంచుతారు. ఎవరినడిగినా "మాది వేరే రకం, మా అత్త ఊరి నుంచి తెచ్చింది" అంటారు.

దీదీ ఆ మాట నమ్మారు. అవి నిజంగా ఎన్ని రకాలో మార్కర్లతో తేల్చి, మన వాళ్ళ పేరుతో రిజిస్టర్ చేయించాలని ఆమె కోరిక.

మొదటి ఇంట్లోనే పెద్దావిడ గుమ్మంలో ఆపేసింది.

"ఏటే రత్నం, సేప నేకుండా ఇత్తనం అడుగుతున్నావు? ఇదేనా నువ్వు సదివిన సదువు?"

విత్తనం ఉల్లి ఊరికే ఇవ్వకూడదు. బదులుగా ఎండుచేప పుచ్చుకోవాలి. అది మన ఆనవాయితీ. దీదీకి తెలియనిది కాదు. చదువుల హడావిడిలో మరిచిపోయారు, అంతే.

మర్నాటి నుంచి ఆమె బ్యాగ్‌లో శాంపిల్ కవర్లు, వాటి పక్కన నెత్తళ్ళ పొట్లాలు. ఆమె బేరాలాడుతుంటే నేను వెనక కవర్లు పట్టుకుని నిలబడేదాన్ని. ల్యాబ్ అంతా ఎండుచేపల వాసన. పెద్ద సార్ ముక్కు మూసుకుని వచ్చి, "యే క్యా హై, మేడమ్?" అంటే, "శాంపిల్ కా దామ్ హై, సర్" అని వాటిని శాంపిల్ ఖరీదుగా లెక్కచెప్పారు, నవ్వకుండా.

తెచ్చిన పాయలు నాటి, మొలిచిన ఆకుల నుంచి డీఎన్‌ఏ తీశాం. మార్కర్లంటే డీఎన్‌ఏలో గుర్తులు. జెల్ మీద గీతల్లా కనిపిస్తాయి. రకాలు వేరైతే గీతలు వేర్వేరు చోట్ల ఆగుతాయి.

మావన్నీ ఒకే చోట ఆగాయి. ఇంటింటి ఉల్లీ. దీదీ వాళ్ళ అమ్మగారి ఉల్లితో సహా.

శాంపిల్స్ కలిసిపోయాయేమో అనుకున్నాను. దీదీ మళ్ళీ మొదటి నుంచి చేయించారు. వేరే మార్కర్లతోనూ చేయించారు. అదే ఫలితం.

ఆమె కలగన్న పని అక్కడితో పోయినట్టే. దీదీ జెల్ ఫోటో బ్యాగ్‌లో పెట్టుకున్నారు. తర్వాత చెప్పులేసుకున్నారు.

"మనకి నచ్చలేదని దీన్ని మార్చలేం కదా. పద, వాళ్ళకే చెప్పి వాళ్ళనే అడుగుదాం."

ఇంటింటికీ వెళ్ళి చెప్పారు. తిట్లు కూడా తిన్నారు.

"ఒలమ్మో, నా ఉల్లీ ఆ గయ్యాళి ఉల్లీ ఒకటేనంట! నీ మిషను పాడైపోనాదే, సూసుకో!"

చివరికి తుష్నాబాద్‌లో సూరమ్మ పెద్దమ్మ చెప్పింది. మేం శాంపిల్ తీయకుండా మిగిలిపోయింది ఆమె పెరడు ఒక్కటే.

"సునామీకి ఉప్పునీళ్ళొచ్చి మీ పెట్టెలన్నీ పోనేదేటి? గంపెడు ఉల్లి అట్టుకొచ్చి పంచింది నేనే కదే. అందరూ సేప ఇచ్చేసినారు. నెక్క సరిపోనాది."

అదీ సంగతి. చేప ఇచ్చేశాక ఆ ఉల్లి వాళ్ళదే. ఎవరిచ్చారో గుర్తుపెట్టుకోవలసిన అవసరం లేదు. అలా ఎవరికి వారు పోయిన తమ పాత ఉల్లే మళ్ళీ వచ్చిందనుకుంటూ బతికేశారు.

"మరి ఆ మూల ఉన్నదేంటి, పెద్దమ్మా?" అని అడిగారు దీదీ.

"ఆ సన్నదా? మా మావకి ఇష్టం. పాయ సిన్నదని ఎవులూ అట్టుకెల్నేదు."

దీదీ బ్యాగ్‌లోంచి నెత్తళ్ళ పొట్లం తీశారు.

ఆ సన్న ఉల్లి గీతలు జెల్ మీద వేరే చోట ఆగాయి. దీదీ నా భుజం పట్టుకుని ఊపేశారు. అంత సంతోషంగా ఆమెని నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత అన్నారు, "అందరి దగ్గరా ఒకటే రకం ఉంటే, ఒక్క తెగులుకి అంతా పోతుంది. ఇది బతకాలి."

పోయిన వానలకి పెద్దమ్మ పెరట్లోది కుళ్ళిపోయింది. ఇప్పుడు ఆ రెండో ఉల్లి దీదీ ఇంటి వెనక పెట్టెల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

నిన్న సాయంత్రం ఆమెని తీసుకెళ్ళాక మబ్బు పట్టింది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. దీదీ వాళ్ళ అమ్మగారు లేచి వచ్చారు.

"వానొచ్చీలా ఉంది. దాని ఉల్లి తీసీమ్మా. తడిసిపోతే అది ఊరుకోదు."

ఇద్దరం కలిసి తవ్వాం. వల ముక్కలో కట్టి వరండాలో వేలాడదీశాం.

దీదీ ఇంటికి వచ్చేవాళ్ళందరికీ ఒక మనవి. తలా గుప్పెడు పట్టుకెళ్ళండి. మీ పెట్టెల్లో విడిగా నాటండి. అమ్మగారు ఇస్తానన్నారు.

చేప మాత్రం తేవద్దు.

ఈ ఉల్లి ఎవరిచ్చారో మనం మరిచిపోకూడదు.

దీదీ, ప్రశాంతంగా పడుకోండి. ఎండా వానా మేం చూసుకుంటాం.