నష్టంలో జయరామయ్య గారి వాటా

జయరామయ్య గారికి కంటబడిన ప్రతిదాంట్లోనూ వాటా కావాలి. లాభంలోనే కాదండోయ్, నష్టంలో కూడా. అదీ ఆయన జబ్బు.

ఆయన కావలిలో మా కాలేజీ ఎకనామిక్స్ లెక్చరర్. సంగం దగ్గర వరి పండించే కుటుంబం. ముస్లిం సమాజాల్లో వడ్డీకి బదులు లాభనష్టాల్లో వాటా తీసుకునే బ్యాంకింగ్ ఎలా నడుస్తోందన్నది ఆయన పరిశోధన. మలేషియా బ్యాంకుల నివేదికలూ, సూడాన్ రైతుల ఒప్పందాలూ చదివీ చదివీ, వడ్డీ అన్న మాట వినబడితే చెవులు మూసుకునే స్థితికి వచ్చారు. పక్క కుర్చీ నాది కనుక ఆ పరిశోధన ఫలితాలు అందరికన్నా ముందు అనుభవించింది నేనే.

ఒకరోజు వానలో ఇరుక్కుపోయి ఆయన గొడుగు అడిగాను.

“ఊరికే ఇవ్వను వినీలమ్మా. భాగస్వామ్యం అయితే సరే.”

“అంటే?”

“గొడుగు నాది, పట్టుకునే కష్టం నీది. ఇద్దరం కలిసి పోదాం.”

అది ఒక మనిషికే చాలీచాలని గొడుగు. బస్టాండు చేరేసరికి ఆయన కుడి భుజం, నా ఎడమ భుజం తడిసి ముద్దయ్యాయి. “చూసినావా, నష్టం సమానంగా పంచుకున్నాం!” అని ఆయన మురిసిపోయారు. తర్వాత నాకొచ్చిన జలుబులో మాత్రం వాటా తీసుకోలేదు.

క్యాంటీన్లో నా వడలో సగం తుంచుకునేవారు. ఇదేంటండీ అంటే, “మాడిపోయుంటే పాపం నువ్వొక్కదానివే నష్టపోతావు గదా!” అనేవారు.

ఇలాంటి మనిషి మా ఊరి పక్కనే తుమ్మలపెంట రేవులో ఉండే నాగులమ్మతో కలిసి వ్యాపారం పెట్టారు. నాగులమ్మ పడవల దగ్గర నెత్తళ్ళనే సన్నచేపలు కొని, ఉప్పు పట్టించి, ఇసుక మీద పాత వలలు పరిచి ఎండబెట్టి అమ్ముతుంది. పెట్టుబడికి ఎప్పుడూ రోజువడ్డీ వాడే దిక్కు. చేపలు ఎండేలోపల వాడి చేతిలో ఆమె ఎండిపోయేది. అందుకని జయరామయ్య గారు పెట్టుబడి పెట్టారు. అక్కడినుంచి ప్రతి ఆదివారం రేవులో పంచాయితీయే.

“నా వాటా సరిగ్గా రాలేదు నాగులమ్మా! పెద్దపెద్దవన్నీ నీ గంపలోకి తోసినావు.”

“ఏందయ్యా, సదువుకున్నోడివి, నెత్తళ్ళ కాడ కొట్లాడతావే!”

ఒక ఆదివారం ఆయన వెంట వెళ్ళిన నాకు ఒళ్ళు మండిపోయింది. “ఛీ ఛీ, అంత జీతం తీసుకుంటూ పిడికెడు చేపలకు పేచీయా? ఊరికే సాయం చెయ్యకూడదూ?” అని కడిగేశాను. ఆయన నవ్వి తన వాటాకొచ్చిన చేపల పొట్లం నా సంచిలో పడేశారు. ఎండుచేపల వాసన ఆయనకు పడదు.

మొన్న కార్తీకంలో తుపాను వాన పట్టుకుంది. ఇసుక మీది సరుకంతా కుళ్ళిపోయింది. తెల్లవారేసరికి రోజువడ్డీ వాడు మళ్ళీ అప్పిస్తానంటూ నాగులమ్మ గుమ్మంలో ఇకిలిస్తూ నిలబడ్డాడట.

సరిగ్గా ఆ రోజే మా కాలేజీలో సెమినార్. జయరామయ్య గారు పత్రం చదివారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకున్నారు.

“బాగుందండీ. కానీ చాలా ఇస్లామిక్ బ్యాంకులు కూడా లాభం ముందే కలుపుకుని, సరుకు వాయిదాల మీద అమ్ముకుంటున్నాయి. నష్టం భరించే భాగస్వామి పుస్తకాల్లో తప్ప ఎక్కడున్నాడు?”

జయరామయ్య గారు నోరు తెరిచేలోపలే గుప్పున వాసన వచ్చింది. వాసన వెనకాలే నాగులమ్మ, నెత్తిన గంప.

“నష్టంలో నీకూ వాటా అంటివే సార్. ఇదో, సగం తెచ్చినా,” అంటూ కుళ్ళిన చేపల గంప వేదిక మీద దించింది. ముందు వరసలో ఉన్న వాళ్ళంతా వెనక వరసకు పరిగెత్తారు. ప్రొఫెసర్ గారు అప్పుడే కప్పిన శాలువాను ముక్కుకు చుట్టుకున్నారు.

నాగులమ్మ గంప పక్కనే చతికిలబడింది. “నువ్వు పెట్టిందంతా పాయె సార్. మళ్ళా ఆ వడ్డీవోడి కాడికే పోవాల్నేమో.”

“ఒప్పందం మరిచిపోతే ఎట్లా?” అని జయరామయ్య గారు కసిరారు. “లాభమొస్తే చెరిసగం. నష్టమొస్తే నీకు పోయేది నీ కష్టం, నాకు పోయేది పెట్టుబడి. ముదారబా అంటే అదే! కుళ్ళిన సరుకంతా నాదే. మిగతా సగం యాడ?”

“ఇంటికాడ ఉండాది.”

“అదీ పంపించు! నా నష్టం నువ్వు దాచుకుంటే ఊరుకుంటానా? వాన తెరిపిచ్చినాక కొత్త సరుకు కొందాం. ఈసారి కర్రలతో ఎత్తుగా పందిరేసి ఎండబెట్టాల. నా వాటాలో పెద్ద చేపలు తగ్గినాయంటే మాత్రం చూడు మరి!”

“నీ పేచీకో దండమయ్యా,” అంటూ నాగులమ్మ కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. ప్రొఫెసర్ గారు శాలువా ముడి బిగించుకుని, రెండు చేతులా చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మా గదిలో అడిగాను. “నష్టమంతా మీరే భరించేటప్పుడు, వారం వారం ఆ కొట్లాట ఎందుకండీ?”

“మొదట్లో ఊరికే ఇవ్వబోతే చీపురు తిరగేసింది వినీలమ్మా. నేను వాటా కోసం కొట్లాడితేనే ఆమె నాకు భాగస్వామి. లేకుంటే ధర్మం తీసుకున్నట్టే గదా.”

నాకు ఆయన మీద గౌరవం పొంగుకొచ్చింది. కళ్ళు చెమర్చబోతున్నాయి కూడా. అంతలో ప్యూన్ పోలేరయ్య వచ్చి, నాగులమ్మ పంపిన మిగతా సగం సరుకు గంప తెచ్చి మా బల్లల మధ్య పెట్టి పారిపోయాడు.

జయరామయ్య గారు ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పరుగు తీశారు.

“నష్టమంతా మీదేనన్నారుగా?” అని నేనూ ముక్కు మూసుకునే అరిచాను.

“సరుకు నాది వినీలమ్మా,” అన్నారాయన కిటికీలోంచి తల బయటపెట్టి. “వాసనలో సగం నీది. రా, కిటికీలో ఇంకో రెక్క ఖాళీగానే ఉండాది!”