నరసరాజుగారి తీసివేతలు

లోకంలో ఏది చెడిపోయినా నరసరాజుగారికి తెలిసిన వైద్యం ఒక్కటే, తీసేసి చూడటం. స్కూటర్ స్టార్టు కాకపోతే మెకానిక్కు దగ్గరికి తోసుకుపోవడం మామూలు మనుషులు చేసే పని. ఈయన ముందు అద్దం తీసి కిక్కు కొడతారు. తర్వాత డిక్కీ తీసి కొడతారు. తర్వాత సీటు. చివరికి ఇంజనూ రెండు చక్రాలూ మిగిలాక, "చూశావా వేదా, ఇక తప్పు దాక్కోవడానికి చోటు లేదు" అంటారు. నిజమే. ఆయన కూర్చోవడానికీ చోటుండదు.

ఈ వైద్యం ఇరవై రెండేళ్లుగా చూస్తున్నది ఆయన భార్య వేదవతి. ఒకసారి పప్పుచారు చేదొచ్చింది. ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి ఆరు గిన్నెల్లో ఆరు రకాల చారు కాశారు. ఒకదాంట్లో చింతపండు లేదు, ఒకదాంట్లో పసుపు లేదు, ఒకదాంట్లో పప్పే లేదు. ఇద్దరే ఉన్న ఇంట్లో రెండ్రోజులు ఆ చార్లే తాగారు. పోపులో మెంతులు మాడాయని చివరికి తేలింది. ఆ మాట తను మొదటి ముద్దకే చెప్పానని వేదవతి గుర్తు చేసింది. చెప్పడం వేరు, తేల్చడం వేరు అన్నారాయన.

ఆయనది విమానాశ్రయం సరుకుల విభాగంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు వాటి వెంట ఆయనా మారారు, ఆయన వెంట తణుకు నుంచి తెచ్చుకున్న తంబురాతో వేదవతీ మారింది. పిల్లలకు ఇంట్లోనే సంగీతం చెప్పేది. పాఠాలన్నీ చేత్తో రాసి రాసి ఆమె మణికట్టు వాచిపోతుంటే చూడలేక, నరసరాజుగారు ఒక సాఫ్ట్‌వేర్ రాశారు. ఉత్తరం టైపు చేసినట్టు స రి గ మ అని టైపు చేసి, కింద పాట మాటలు టైపు చేస్తే చాలు. తాళం అదే లెక్కపెడుతుంది, గీతలు అదే గీస్తుంది, ఏ స్వరం కింద ఏ మాట ఉండాలో అక్కడ కూర్చోబెట్టి అచ్చు వేస్తుంది.

వేస్తుందంటే, వేయాలి. మొదటి ఏడాది అది పాటల్లో సగం మింగేది. ఎవరైనా పల్లవి కనపడటం లేదని వస్తే, "తప్పు పోకుండా పాటను చిన్నది చేసి తీసుకురా" అనేవారు. మృదుల అనే పిల్ల అలాగే ఒక్కో చరణం తీసేస్తూ పోయి, చివరికి ఒకే ఒక్క 'స'తో ఏడుపు ముఖం వేసుకుని నిలబడింది. ఆ 'స' దగ్గరే తప్పు దొరికిందని ఆయన వీధంతా మిఠాయి పంచారు. మృదుల మరునాటి నుంచి డ్యాన్సు క్లాసుకు వెళ్లిపోయింది.

ఇలా ఉండగా 2012లో ఒక శనివారం భాగ్యలక్ష్మి కాగితాల కట్టతో వచ్చింది. కొత్వాల్‌గూడ అమ్మాయి. పగలంతా కాటేదాన్‌లో బిస్కెట్ల ప్యాకింగుకు పోయి, సాయంత్రం వేదవతి దగ్గర పాడుకుని, సంగీతంలో డిప్లొమా చివరిదాకా లాక్కొచ్చింది. డిప్లొమా చేతికొస్తే సంగీతం టీచరుగా తీసుకుంటామని ఒక ప్రైవేటు స్కూలువాళ్లు మాటిచ్చారు. ఇక మిగిలింది ఒక్కటే, వాళ్ల నాన్న పెంటయ్య భజనలో పాడే పది పాటలకు స్వరాలు రాసి ఇవ్వడం. నరసరాజుగారి సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేసి ఇచ్చింది. పరీక్షకుడు ఎర్రసిరాతో 'తాళం తప్పు, సోమవారంలోగా సరిచేసి ఇవ్వండి' అని రాసి తిప్పి పంపాడు.

వేదవతి చూసింది. ప్రతి పాటలోనూ మూడో వరుస దాటగానే మాటలు పక్కకు జరిగిపోయి, ఒకరి కుర్చీలో ఒకరు కూర్చున్నట్టున్నాయి. ఆ వరుసలో ఒక అక్షరం కాలం, అంటే తాళంలో ఒక దెబ్బ, ఎక్కువుంది, అది తీసేస్తే పది నిమిషాల పని అంది. భాగ్యలక్ష్మి ఒప్పుకోలేదు.

"తీసేస్తే అది మా బాపు పాట గాదు మేడం. పెంటయ్యకు తాళం రాదని ఊర్లె మూడేండ్ల సంది అంటనే ఉన్నరు. నేను గూడ గదే రాసిస్తే ఎట్ల? ఇయ్యకపోతే ఈ ఏడు పోతది. స్కూలోళ్లు నా కోసం ఆగరు."

లోపలి గదిలోంచి నరసరాజుగారు పరుగున వచ్చారు. తప్పు అన్న మాట వినపడితే ఆయనకు కాలు నిలవదు. కంప్యూటర్ ముందు కూర్చుని పది పాటల్లో తొమ్మిది తీసేశారు. మిగిలిన పాటలో ఒక్క వరుస ఉంచి తక్కినవి తీసేశారు. ఎనిమిది దెబ్బలుండాల్సిన వరుసలో తొమ్మిది టైపు చేసి ఉంది, సాఫ్ట్‌వేర్ తొమ్మిదోదాన్ని బుద్ధిగా కింది వరుసలోకి నెట్టింది. తన తప్పేమీ లేదని తెలిసి ఆయన ముఖం చిన్నబోయింది. "అయితే తప్పు ఇంకా వెనకాల ఉంది. రేపు పొద్దున్నే కొత్వాల్‌గూడ వెళ్దాం" అన్నారు.

ఆదివారం పెంటయ్య వాకిట్లో భజన బృందం కూర్చుంది. పెంటయ్య ఒక వరుస అందిస్తే, భార్య లింగమ్మ, మరో అయిదుగురు దాన్ని అందుకుని పాడతారు. ఒక పాట విన్నాక నరసరాజుగారు, ఇప్పుడు ఒక్కొక్కరినే తీసేస్తూ పాడాలన్నారు. బృందం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంది.

మొదట విమానాలను తీసేశారు. నెత్తి మీదుగా పోయే మోత వల్ల పెంటయ్య ఆగుతున్నాడేమోనని ఆయన అనుమానం. ఏ విమానం ఎప్పుడు దిగుతుందో ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి, పది నలభై తర్వాత పావుగంట ఖాళీ చూసి పాడించారు. తొమ్మిదే వచ్చింది. హార్మోనియం తీసేశారు. తొమ్మిదే. డోలకు కొట్టే జంగయ్యను లేచి పక్కన కూర్చోమన్నారు. ముప్పై ఏళ్లుగా కొడుతుంటే తనను తీసేస్తారా అని జంగయ్య అలిగి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అయినా తొమ్మిదే.

నాలుగోసారి లింగమ్మను లేవమన్నారు. ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ గడప మీద కూర్చుంది. పెంటయ్య గొంతెత్తి మూడో వరుస అందించాడు, తక్కినవాళ్లు అందుకున్నారు. దెబ్బలు లెక్కపెడుతున్న నరసరాజుగారి వేళ్లు ఎనిమిది దగ్గర టక్కున ఆగిపోయాయి.

ముప్పై ఏళ్ల సంగీతం చెవుల్లో ఉన్న వేదవతికి అప్పుడే అర్థమైంది. లింగమ్మకు ఆయాసం. పాట పైకి వెళ్లే చోట ఆమె ఊపిరి తీసుకునేదాకా పెంటయ్య ఒక దెబ్బ ఆగుతున్నాడు. ఆగుతున్నానని ఎవరికీ చెప్పలేదు, ఆమెకు అసలే చెప్పలేదు. మూడేళ్లుగా తాళం రానివాడనిపించుకుంటూ పాడుతున్నాడు. ఇప్పుడు తల వంచుకుని, చేతిలోని తాళాల తాడు ఊరికే విప్పి ముడేస్తున్నాడు.

"ఏంది సారూ, దొరికిందా? నాతోనే పాట ఖరాబైతుంటే చెప్పుండ్రి. రేపటి సంది పాడుడు బంజేస్త" అంది లింగమ్మ గడప మీంచి.

వేదవతి భర్త వైపు చూసింది. తప్పు దొరికాక పక్క వీధికి వినపడేలా చెప్పకుండా ఈ మనిషి ఇరవై రెండేళ్లలో ఒక్కనాడూ ఊరుకోలేదు. నరసరాజుగారు కళ్లజోడు తీసి, తీరిగ్గా తుడుచుకుని, పెట్టుకున్నారు.

"ఎక్కడమ్మా, దొరకలేదు. మీరొచ్చి కూర్చోండి. తీయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి."

ఇక చూడాలి ఆయన తీసివేతలు. చాపలు తీయించి కటిక నేల మీద పాడించారు. గోడ మీది క్యాలెండరు తీయించారు. కట్టేసిన రెండు మేకల్నీ వీధి చివరికి తోలించారు. జంగయ్య తలపాగా తీయించారు, చుట్టబెట్టించి మళ్లీ తీయించారు. మధ్యలో మరో ఇద్దరిని, తర్వాత పెంటయ్యనే లేపేశారు. ఇంకో పన్నెండుసార్లు పాడేసరికి బృందానికి తల ప్రాణం తోకకొచ్చింది. సారును జర మంచి దవాఖానలో చూపించమని జంగయ్య వేదవతి చెవిలో చెప్పాడు.

చివరికి ఆయన లేచి నిలబడి తీర్పు చెప్పారు. "పాటలో తప్పు లేదు, పాడేవాళ్లలో లేదు. తప్పు నా సాఫ్ట్‌వేర్‌ది. దానికి ఆగడం రాదు."

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద వేదవతి అడిగింది. "నాలుగోసారికే తెలిసిపోయిందిగా? ఆ పన్నెండుసార్లు ఎందుకండీ?"

"నాలుగోసారితో ఆపేస్తే, ఎవర్ని లేపినప్పుడు ఆపానో ఆవిడ గుర్తుపట్టదూ?"

వేదవతి ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇల్లు వచ్చేదాకా తీయలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన సాఫ్ట్‌వేర్‌కు ఒక కొత్త గుర్తు నేర్పారు. స్వరం మీద చిన్న గొడుగు. గొడుగున్న చోట పాట ఆగుతుంది, ఆ ఆగిన కాలాన్ని తాళం లెక్కలో వేసుకోదు. కాబట్టి వరుస ఎనిమిదికే సరిపోతుంది, మాటలు జరిగిపోవు. మొదట గొడుగులు ప్రతి స్వరం మీదా లేచి కాగితం వానాకాలం బస్టాపులా తయారైంది. సాయంత్రం అయిదింటికి ఉండాల్సినవే ఉన్నాయి. పేజీ అడుగున ఆయన ఒక వాక్యం టైపు చేశారు: 'గొడుగు ఉన్న చోట, వెంట పాడేవారు అందుకునేదాకా ముందు పాడేవారు ఆగవలెను. ఇది కొత్వాల్‌గూడ భజన పద్ధతి.'

సోమవారం పరీక్షకుడు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఈ పద్ధతి తనెక్కడా వినలేదన్నాడు. వినాలంటే మా ఊరికి రావాలె సార్ అంది భాగ్యలక్ష్మి. అందులో ఒక పాటను ఆమె చేత అక్కడే పాడించుకుని, గొడుగు దగ్గర తనూ చెయ్యెత్తి ఆగి, కట్ట మీద సంతకం పెట్టాడు. జూన్‌లో ఆమె స్కూల్లో చేరింది. పెంటయ్యకు తాళం రాదన్న నోళ్లే, అది మన ఊరి పద్ధతి అని పక్క ఊళ్లలో చెప్పడం మొదలుపెట్టాయి.

ఆ సంతోషంలో పెట్టుకున్న భజనకు దంపతులిద్దర్నీ పిలిచారు. నరసరాజుగారి చేతికి కూడా తాళాలిచ్చి కూర్చోబెట్టారు. ఆయన ఉత్సాహం పట్టలేక మూడో వరుస చివర ఆగకుండా వాయించుకుంటూ ముందుకు పోయారు. లింగమ్మ పాట ఆపి, గోడకు తగిలించిన కాగితం చూపించింది.

"మీరు రాసింది మీరే మరిస్తే ఎట్ల సారూ? గొడుగు కాడ ఆగాలె. పద్ధతంటే పద్ధతే."

"తప్పేనమ్మా" అన్నారు నరసరాజుగారు.

పెంటయ్య ఆ వరుస మళ్లీ అందించి, గొడుగు దగ్గర ఆగాడు. అందరూ ఆగారు. లింగమ్మ అందరూ సరిగ్గా ఆగారో లేదో ఒక్కొక్కరి ముఖమే చూసి, నిమ్మళంగా ఊపిరి తీసుకుని అందుకుంది.