పసిఫిక్ చుట్టూనే ఎందుకు

దేవకుమారి టీచరు బాపట్లలో ఆడపిల్లల హైస్కూల్లో భూగోళం చెప్పేవారు. 1963లో ఒక మధ్యాహ్నం అగ్నిపర్వతాల పాఠం వచ్చింది. భూమి లోపలంతా మండే ద్రవమనీ, పైపొర ఎక్కడ పలచబడితే అక్కడ తన్నుకొస్తుందనీ పుస్తకంలో ఉన్నట్టే చెప్పారు. వెనక బెంచీలోంచి గంగరత్నం లేచింది. సముద్రం మీద వేటకు వెళ్లేవాళ్ల పిల్ల.

"లోపలంతా మంటే అయితే మన ఒడ్డున ఒక్కటీ లేదేంటండి? పసిఫిక్ చుట్టూనే అన్ని ఎందుకున్నాయండి?"

టీచరుకు జవాబు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు. పరీక్షలో అది రాదు, కూర్చోమన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ వేసవిలో పెళ్లయి గంగరత్నం బడి మానేసింది.

ఏటా ఆ పాఠం దగ్గరకొచ్చేసరికి టీచరు ఎవరూ ఏమీ అడక్కుండా గబగబా మ్యాపులు గీయించేవారు.

1974లో శిక్షణ తరగతులకు తెనాలి వెళ్లినప్పుడు లైబ్రరీలో ఒక సైన్సు పత్రిక తిరగేశారు. భూమి లోపల ఉన్నది చాలావరకు గట్టి రాయేనట. పైపొర పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి, ఏడాదికి రెండు మూడు వేళ్ల మేర కదులుతోందట. పలకలు దూరం జరిగేచోట కింది వేడిరాయి పైకి లేచి కరుగుతుంది. ఒకటి మరొకదాని కిందికి దూరేచోట సముద్రపు నీరూ లోపలికి పోతుంది. నీరు చేరిన వేడిరాయి తొందరగా కరుగుతుంది. కరిగింది తేలిక గనక పైకొస్తుంది. పసిఫిక్ చుట్టూ జరుగుతున్నది అదే. టీచరు పత్రిక మూసి లేచారు. మళ్లీ కూర్చుని మళ్లీ చదివారు.

గంగరత్నం రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతోందని ఎవరో చెప్పగా విన్నారు. మర్నాడు తరగతులు మానేసి రేపల్లె రైలెక్కారు. దారిలో మూడుసార్లు సీటు మారారు.

గంగరత్నం గుర్తుపట్టి పీట జరిపింది. టీచరు కూర్చోకుండానే ఆనాటి ప్రశ్నకు జవాబు మొదలుపెట్టారు. భూమి పైపొర కదిలే పలకలనీ, మన తీరం ఒక పలక నడుమన ఉందనీ, అంచు అండమాన్ల వైపు ఉందనీ, అక్కడ అగ్నిపర్వతం కూడా ఉందనీ చెప్పారు. గంగరత్నం చందువా చేప కోయడం ఆపి విన్నది.

"ఏం అడిగానో గుర్తులేదండి. అందరూ నవ్వింది గుర్తుంది."

"తప్పు నాదేనమ్మా," అన్నారు టీచరు.

గంగరత్నం కత్తి పక్కన పెట్టింది. "మరి ఆ పలకల్ని కదిపేదేంటండి?"

"లోపలి వేడే అంటున్నారు. ఎలాగన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. నాకూ తెలీదు."

ఇంతలో బేరం వచ్చింది. టీచరు స్టేషనుకు నడిచారు.

ఆమె రిటైరయ్యేదాకా పుస్తకంలో పాత పాఠమే ఉంది. అది చదివించి, కొత్తది చెప్పేవారు. పలకల సంగతి తేలిందేమోనని కొత్త పత్రికల కోసం నెలకోసారి తెనాలి వెళ్లొచ్చేవారు. ఆ తిరుగుడు ఎందుకో ఇంట్లోవాళ్లకు అంతుపట్టేది కాదు.